ఉమ్మే తుపాకి

నా చిన్నప్పుడు మా నడవ గోడకు ఒక తుపాకి ఉండేది. దాని కింద కూర్చుని అన్నం తినాలంటే నాకు ముద్ద దిగేది కాదు. ఎవరూ ముట్టుకోకపోయినా అది ఏదో ఒక రోజు దానంతట అదే పేలుతుందని నా నమ్మకం. మా అవ్వ నన్ను చూసి నవ్వేది. తాత నవ్వేవాడు కాదు. నేను మరీ బెదిరిన రోజున దాన్ని కిందికి దించి, మధ్యకు విరిచి, రెండు గొట్టాలనూ వాకిలి వైపు ఎత్తి, అవతల వెలుతురు కనబడుతోందేమో నన్నే చూడమనేవాడు. కనబడుతోందని నేను చెప్పాకే మళ్లీ గోడకు ఎక్కించేవాడు.

మాది తమిళనాట ధర్మపురి దగ్గర ఇండూరు. ఏ రాజుల కాలంలో అక్కడికి వచ్చామో చెప్పగలిగినవాళ్లు అప్పటికే లేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తాత మాట్లాడిందంతా తెలుగు, రాసిందంతా అరవం. నేనూ అట్లాగే పెరిగాను. పెళ్లయి కుప్పం వచ్చాకే ఈ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇదంతా రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ తుపాకి పాత ఇంగ్లీషుది, రెండు గొట్టాలది. ఏర్కాడు కాఫీ తోటల దొర ఒకాయన దేశం వదిలి పోతూ మా ముత్తాతకు ఇచ్చి పోయాడట. తర్వాత లైసెన్సు తాత పేరు మీదికి వచ్చింది. చెరకులోకి అడవిపందులు దిగితే గాల్లోకి పేల్చి తరమడానికే వాడేవాడు. మొదట్లో దాన్ని విరిచి తెరిస్తే తూటాల అంచులు గోటికి అందేటంత పైకి లేచేవి, అంతే. పేలిన తూటా ఖాళీ డొప్పను వేళ్లతో పట్టి లాగాలి. ఒక వానాకాలం డొప్ప తడికి ఉబ్బి గొట్టంలో ఇరుక్కుపోయిందట. ఎదురుగా పంది నిలబడి ఉంది. తాత గోళ్లు చీలి నెత్తురు వచ్చింది కానీ డొప్ప రాలేదు. పంది తన దారిన పోయింది కాబట్టి ఆయన ఇంటికి వచ్చాడు.

ఆ భయంతోనే ఆయన తుపాకిని సేలం పట్టుకుపోయాడు. అక్కడ తుపాకులు బాగుచేసే ఆచారి ఒకాయన ఉండేవాడు. తూటాలను పైకి లేపే ఆ ఇనప ముక్కను రెండుగా కోసి, గొట్టాల కింద ఉండే చెక్కలోపల రెండు స్ప్రింగులూ రెండు చిట్టి సుత్తులూ బిగించి ఇచ్చాడు. కొత్త తుపాకులకు పుట్టుకతోనే వచ్చే గుణం మా ముసలి తుపాకికి అట్లా నడుమ వచ్చింది. అప్పటి నుంచి పేల్చి తెరిస్తే చాలు, పేలిన డొప్ప దానంతట అదే తాత భుజం మీదుగా వెనక్కి ఎగిరిపోయేది. పేల్చనిది మాత్రం లోపలే నిలిచి ఉండేది. ఆచారి దాన్ని ఎజెక్టర్ అన్నాడట. మా అవ్వ ఉమ్మే తుపాకి అంది. ఊళ్లో అదే పేరు నిలిచింది.

పిల్లలకు ఆ డొప్పలంటే ప్రాణం. ఎర్రటి ఒళ్లు, ఇత్తడి అడుగు. మూతి దగ్గర పెట్టుకుని ఊదితే ఈల పలికేది. తాత తుపాకి తీసుకుని చేనికి పోయినాడంటే మరునాడు పొద్దున్నే గట్ల వెంట వెతుక్కుంటూ పోయేవాళ్లం. ఏదీ దొరకకపోతే తాతే ఇంట్లో డబ్బాలో దాచిన పాత డొప్ప తీసి ఇచ్చేవాడు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు చెరకు కొట్టే కాలంలో జరిగిందిది. మా చేని పక్కనే గానుగ ఉండేది. వంతులవారీగా ఒక్కో ఇంటివాళ్లు చెరకు ఆడించుకుని బెల్లం వండుకునేవాళ్లు. ఆ రోజు వంతు పక్క చేని మామది. పాక కింద నేలలో తవ్విన పెద్ద పొయ్యి, దాని మీద నలుగురు కలిసి ఎత్తాల్సిన పెనం, పెనం నిండా మరుగుతున్న రసం. పొయ్యి నోటి దగ్గర మా పక్కింటి అక్క కూర్చుని ఎండిన చెరకు పిప్పిని మంటలోకి తోస్తూ ఉంది. పందుల కోసం తాత తుపాకిని ఆ రోజుల్లో పాకలోనే కొయ్యకు తగిలించి ఉంచుకునేవాడు. మేం పిల్లలం కొంచెం ఎడంగా, పిప్పి ఆరబోసిన కళ్లంలో ఆడుకుంటున్నాం. నాతో పాటు మా చెల్లెలు ఉంది. దానికి అప్పటికి ఐదేళ్లు ఉంటాయేమో.

సోగత్తూరు బాట వైపు నుంచి సైకిల్ మీద ఒకాయన వెరినాయ్, వెరినాయ్ అని అరుచుకుంటూ వచ్చాడు. పిచ్చికుక్క. దారిలో ఒక దూడను కరిచిందట. ఆయన మాట పూర్తికాకముందే అది కనబడింది. నేను ఊహించినట్టు మొరుగుతూ, పరుగెత్తుతూ రాలేదు. తల వేలాడేసుకుని, కాళ్లు ఎక్కడ పెడుతోందో తనకే తెలియనట్టు ఊగుతూ వచ్చింది. నోటి నుంచి నురగ తాడులాగా నేలదాకా సాగుతోంది. అది కళ్లంలోకి దిగింది. పెద్దవాళ్లు అరుస్తున్నారు గానీ ఎవరూ కదలలేదు. నాకు కాళ్లు ఉన్నాయన్న సంగతే మరిచిపోయాను. చెల్లెలు నా పావడ పట్టుకుని నా వెనక దూరింది.

తాత ఎప్పుడు తుపాకి అందుకున్నాడో, ఎప్పుడు మాకూ కుక్కకూ మధ్యకు వచ్చాడో నాకు తెలియదు. ఆయన వీపు కనబడింది. టక్ మని చిన్న చప్పుడు వినబడింది, అంతే. తుపాకి పేలలేదు. కుక్క ఇంకా వస్తూనే ఉంది. ఆ వెంటనే రెండో గొట్టం పేలింది. చెవులు మూసుకుపోయాయి. కుక్క పడిపోయింది కానీ కాళ్లు కొట్టుకుంటూ లేవబోయింది. తాత తుపాకిని విరిచాడు. రెండు ఎర్రటివి ఆయన భుజం మీదుగా ఎగిరి మా పక్కనే పిప్పిలో పడ్డాయి. ఆయన వెనక్కి చూడలేదు. మళ్లీ రెండు తూటాలు పెట్టి, గురిపెట్టి నిలబడ్డాడు. కుక్క మళ్లీ లేవలేదు.

ఆ తర్వాతే అసలు అరుపులు మొదలయ్యాయి. పిల్లలందర్నీ చేతులు పట్టి ఈడ్చుకుపోయారు. కుక్క నురగ పడిన చోట ఏదీ తాకకూడదనీ, తాకితే మీకూ పిచ్చి పడుతుందనీ, పిచ్చి పడితే మిమ్మల్నీ ఇట్లాగే కాల్చేయాల్సి వస్తుందనీ మా చిన్నాయన అరిచాడు. భయంలో ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియదు. కుక్కను కొయ్యలతో దొర్లించుకుపోయి సున్నం వేసి పూడ్చారు. నురగ పడిన పిప్పినంతా దంతెతో లాగి, తగలబెట్టేస్తే పీడ పోతుందని పొయ్యి పక్కన కుప్పపోశారు. పక్కింటి అక్క దాన్ని కొంచెం కొంచెంగా మంటలోకి తోస్తూ ఉంది. చెల్లెలు పోయి ఆమె ఒడిలో కూర్చుంది. దానికి జ్వరం వచ్చినట్టుందని అక్క అంది. భయానికి వచ్చి ఉంటుందని అందరూ అనుకున్నారు.

తాత కాళ్లూ చేతులూ కడుక్కుని, కాసేపు కూర్చుని, డొప్పల కోసం కళ్లంలోకి పోయాడు. నేను వెంట పోయాను. కళ్లం అంచున ఒకటి దొరికింది. మూతి విచ్చుకుని, లోపల నల్లగా ఉంది. రెండోది లేదు. ఆయన వంగి పిప్పి ఎత్తి ఎత్తి చూశాడు. ఉన్నట్టుండి అట్లాగే వంగి నిలిచిపోయాడు. టక్ మన్న చప్పుడు అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది.

ఆ సంగతి నాకు ఆయనే తర్వాత విడమరిచి చెప్పాడు. ఆచారి బిగించిన స్ప్రింగులకు మందు పేలిందా లేదా అన్నది తెలియదు. మీట నొక్కితే తుపాకి సుత్తి పడిందా లేదా అన్నదే తెలుసు. సుత్తి పడితే పేలిందనే దాని లెక్క, ఉమ్మేస్తుంది. మొదటి గొట్టంలో సుత్తి పడింది, మందు పేలలేదు. ఖాళీ డొప్పతో పాటు నిండు తూటాను కూడా తుపాకి చెత్తలాగా బయటికి విసిరేసింది. పూర్వంలాగా వేళ్లతో తీసి ఉంటే బరువుకే తెలిసిపోయేది.

మా తాత పరుగెత్తడం నేను చూసింది అదొక్కసారే. పొయ్యి దగ్గరికి వచ్చి అక్కను లెమ్మన్నాడు. చెల్లెల్ని ఎత్తుకుని ఆమె లేచి అవతలికి పోయింది. పేలని తూటా ఒకటి ఆ పిప్పిలో ఉందనీ, అప్పుడే మంటలోకి పోయిందో ఏమో తెలియదనీ, పొయ్యిలో మంట లాగేయమనీ తాత చెప్పాడు. పక్క చేని మామ ఒప్పుకోలేదు. రసం పాకం పట్టే వేళ, మంట తీస్తే ఏడాది చెరకు పులిసి పోతుందన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. పిప్పి వేయడం ఆపుతాను కానీ మంట లాగనని మామ మొండికేశాడు. అందరూ పాక బయట నిలబడి పొయ్యి వంక చూస్తున్నాం. నిప్పులో చెరకు కణుపు చిట్లిన ప్రతిసారీ ఒక్కసారిగా అందరూ వెనక్కి జరిగేవాళ్లు.

కుప్పను కొయ్యలతో పక్కకు లాగి పుల్ల పుల్లా వెతికారు. తూటా లేదు. అయితే పిల్లలెవరో తీసి ఉంటారని చిన్నాయనకు తోచింది. చెరకు గడ ఒకటి విరిచి పట్టుకుని మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టాడు. తీసినవాళ్లు చెప్పకపోతే ఒళ్లు చీరేస్తానన్నాడు, పోలీసులు వస్తారన్నాడు. ఒక్కో గొంతు నుంచి ఒక్కో ఏడుపు మొదలైంది. నేనూ ఏడ్చాను. నేను తీయలేదని నాకు తెలుసు. అయినా ఆయన నా ముందుకు వచ్చి నిలబడేసరికి, ఒకవేళ నేనే తీశానేమో అనిపించింది. అంత భయం.

అప్పుడే చూశాను. మా చెల్లెలు ఏడవడం లేదు. అక్క చంకలోంచి ఎప్పుడు దిగిందో దిగి, వరస చివర నుంచి పొయ్యి వైపు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. కుడి చెయ్యి పావడ బొందు దగ్గర బిగించి పెట్టుకుని ఉంది. నేను అరవబోయాను. తాత చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా అదిమి పట్టాడు. ఆయన కూడా చూశాడు.

ఆయన పరుగెత్తలేదు. దాన్ని పిలవనూ లేదు. తుపాకి తీసుకుని, పొయ్యికి దూరంగా, అవతలి గట్టు మీద ఉన్న నులక మంచం మీద పోయి కూర్చున్నాడు. చిన్నాయనను గడ కింద పడేయమని చెప్పి, నన్ను పంపి ఇంట్లో ఉన్న పాత డొప్పల డబ్బా తెప్పించాలన్నట్టు చూసి, అంత సమయం లేదనుకున్నాడేమో, జేబులోంచి ఇందాక దొరికిన డొప్పనే తీశాడు. తుపాకిలో ఉన్న రెండు తూటాలనూ చేత్తో తీసి జేబులో వేసుకుని, గొట్టాలను ఆకాశానికి ఎత్తి అందరికీ చూపించాడు. ఏ పిల్లనూ ఆ తుపాకిని ముట్టుకోనివ్వని మనిషి, తీరిగ్గా ఆటకు పిలిచినట్టు పిలిచాడు.

"పిల్లోళ్లంతా ఇట్ల రాండి. ఇది ఎట్ల ఉమ్ముతుందో చూపిస్తా. పట్టుకొన్నోళ్లకి పట్టుకొన్నంత."

పెద్దవాళ్లకు మతిపోయింది. ఇంత గండంలో ముసలాయనకు ఆటలేమిటని మామ తిట్టాడు. తాత విననట్టే ఖాళీ డొప్పను గొట్టంలో పెట్టి, తుపాకి మూసి, మీట నొక్కాడు. టిక్కుమంది. తెరిచాడు. ఎర్ర డొప్ప ఆయన భుజం మీదుగా ఎగిరి గడ్డిలో పడింది. ఒక పిల్ల ముక్కు తుడుచుకుంటూ పోయి తెచ్చి ఇచ్చింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ నొక్కాడు, మళ్లీ ఎగిరింది. ఈసారి ఇద్దరు పరుగెత్తారు. ఎవరో నవ్వారు. నా కళ్లు చెల్లెలి మీదే ఉన్నాయి. అది పొయ్యి నోటికి రెండు బారల దూరంలో నిలబడి తాత వైపు చూస్తోంది.

మళ్లీ డొప్ప ఎగిరింది. చెల్లెలు ఒక అడుగు ఇటు వేసింది. ఆగింది. తాత దాని వైపు తలైనా తిప్పలేదు. డొప్ప తెచ్చిన పిల్లను భలే పట్టినావే అని మెచ్చుకుంటున్నాడు. మరి కొంతసేపటికి అది పిల్లల గుంపు వెనకకు వచ్చి నిలబడింది. అక్కడి నుంచి మంచం కోడు దగ్గరికి వచ్చింది. చెయ్యి ఇంకా బొందు దగ్గరే ఉంది. ముఖం పాలిపోయి ఉంది. తాతకు మాత్రమే వినబడాలన్నట్టు అడిగింది.

"తాతా, ఎగిరిండేది పట్టుకుంటే పిచ్చి పడుతుందా?"

"లేదు పాపా. చూడు, వీళ్లంతా పట్టుకొన్నారు గదా."

"నన్ను కాలుస్తారా?"

తాత తుపాకిని మెల్లగా వెనక్కి జరిపి మంచం మీద పెట్టాడు. రెండు చేతులూ ఖాళీగా దాని ముందు చాపాడు.

"నిన్ను కాల్చేదానికి ఎవురికీ చేతులు రావు పాపా. నీకు దొరికింది యాడ ఉందో తాతకు చూపించు, చాలు."

అది బొందు మడత విప్పింది. ఎర్రటి తూటా తీసి ఆయన చేతిలో పెట్టింది. మూతి మూసుకునే ఉంది. ఇత్తడి అడుగున నడిమధ్య చిన్న సొట్ట. మధ్యాహ్నమంతా ఆ తూటాతోనే చెల్లెలు అక్క ఒడిలో, ఆ పొయ్యి నోటి ముందు కూర్చుని ఉంది. తాత ఆ తూటాను పిడికిట్లో మూశాడు. ఎందుకు దాచావని అడగలేదు. చెల్లెలే చెప్పింది. కుక్కది తాకినందుకు పిచ్చి పట్టేసిందనుకున్నదట, అందుకే ఒళ్లు కాలుతోందనుకున్నదట. చిన్నాయన గడ విరిచినప్పుడు, ఎవరికీ తెలియకుండా పొయ్యిలో వేసేస్తే పోతుందిలే అనుకున్నదట.

పక్కింటి అక్క నిలబడినచోటే కూలబడింది. చిన్నాయన చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. మా అమ్మ పరుగెత్తుకొచ్చి చెల్లెల్ని కొట్టబోయింది. తాత అడ్డం పడ్డాడు.

"తప్పు నాది. తుపాకి తెరిచినాను, ఏం పడిందో తిరిగి చూడలేదు. అది పసిబిడ్డ, మెరిసింది కాబట్టి తీసింది. మనం అరిచినాం కాబట్టి దాచింది. దాన్ని ఎవురూ ఒక్క మాట అనగూడదు."

అన్నంత పనీ చేయించాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ దాన్ని ఒక్క మాట అనలేదు. మామ మళ్లీ మంట ఎగదోశాడు. బెల్లం ఆ ఏడు కొంచెం నల్లగా వచ్చింది.

తూటాను నీళ్ల తొట్టిలో వేసి, తాత పాక వెనక్కి పోయాడు. చాలాసేపటికీ రాకపోతే నేను వెతుక్కుంటూ పోయాను. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నీళ్లు తెమ్మన్నాడు. చెంబు నోటికి ఆనించుకుంటే పళ్లకు తగిలి గలగలలాడింది. సగం నీళ్లు పంచె మీదే పోయాయి. అంతవరకు మా తాతకు భయం ఉంటుందని నాకు తెలియదు. గోడ మీది తుపాకికి భయపడేది ఇంట్లో నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. భయమేసిందా తాతా అని అడిగాను.

"వేయకుండా ఉంటుందా పాపా. దాన్ని పొయ్యి కాడ చూస్తానే గుండె నిలిచిపోయింది. నా భయం కూడా దాని ముందర పడేసుంటే అది పొయ్యిలోకే పోయుండును. అందుకే భయాన్ని రవ్వంత సేపు ఆగమన్నాను. ఇప్పుడు వచ్చింది చూడు."

తర్వాతి వారమే ఆయన మళ్లీ సేలం పోయి ఆ స్ప్రింగులు తీయించేశాడు. అందరూ పెట్టించుకోవడానికి వస్తే నువ్వొకడివి తీయమని వచ్చావేమని ఆచారి నవ్వాడట. తడికి డొప్ప ఇరుక్కుంటే ఏం చేస్తావని అవ్వ అడిగితే, ఇరుక్కుంటే నా ప్రాణానికే గదా అన్నాడు. అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు. మా చెల్లెలికి ఇప్పుడు ఆ రోజు సరిగా గుర్తు లేదు. తాత మంచం మీద కూర్చుని డొప్పలు ఎగరేసిన ఆట మాత్రం గుర్తుందంటుంది. భలే ఆట అంటుంది. నేను అవునంటాను.

నాకు మిగిలింది వేరే. పిల్లల్ని కన్నాను, పెంచాను, ఇప్పుడు మనవళ్లను చూస్తున్నాను. పోయిన ఏడు మా మనవరాలు మా ఆయన రక్తపోటు మాత్రల సీసా ఖాళీ చేసి ఎక్కడో దాచింది. ఎన్ని మింగిందో తెలియదు. ఇల్లంతా అరుపులు. మా అబ్బాయి దాని రెక్క పట్టి ఊపుతున్నాడు. నేను వాడి చెయ్యి విడిపించి, నేల మీద కూర్చున్నాను. పప్పు డబ్బా ముందు పెట్టుకుని, ఒక్కో గింజా తీసి, నీ బొమ్మకు ఎన్ని పెట్టావే, నేను నా బొమ్మకు ఇన్ని పెడతాను అంటూ కూర్చున్నాను. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. కాసేపటికి అది దిండు గలీబు లోపలి నుంచి గుప్పెడు మాత్రలు తెచ్చి నా ఒడిలో పోసింది. ఒక్కటీ మింగలేదు.

భయం నన్ను ఎప్పుడూ వదలలేదు. ఇప్పటికీ వస్తుంది, చిన్నదానికీ పెద్దదానికీ వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని పొమ్మనను, పోదని తెలుసు. పిల్ల పిడికిలి తెరిచేదాకా బయట నిలబడమంటాను. ఆ తర్వాత తలుపు వేసుకుని, ఒక్కదాన్నే కూర్చుని, దాన్ని లోపలికి రానిస్తాను.